ముప్పై తొమ్మిది పుస్తకాలు, ఒకే నిద్ర

పోయిన వారం జయశీలను ఆదివారం ఆరాధనకు పంపించి మనం హాస్టల్ గేటు దగ్గరే ఆగిపోయాం. ఆమె వెళ్లింది, పాటలు పాడింది, ప్రసంగం మధ్యలో ఒకసారి కునికింది, పక్కనున్న వదినగారు మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి గట్టిగా "ఆమెన్" అంది. అది ఆమెన్ అనవలసిన చోటు కాదు. సరే, ఒంటిగంటన్నరకల్లా తిరిగి వచ్చేసింది కూడా. ఆ కునుకును మాత్రం కాస్త గుర్తుపెట్టుకోండి, దానితో మనకు పని పడుతుంది.

ఈ వారమే కథలో అడుగుపెట్టిన వాళ్లకు నాలుగు మాటలు. శంషాబాద్ నుంచి కొత్వాల్‌గూడ వెళ్లే దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ, దాని వెనుక నలభై మంది ఆడపిల్లల హాస్టల్. మెస్సు గుమ్మం పక్కన వేలాడే రైలు పట్టా ముక్కే అక్కడి గంట. తెల్లవారుజామున నాలుగున్నరకు వార్డెన్ జయశీల ఇనుప కడ్డీతో దాన్ని వాయించేది. పిల్లలు కళ్లు నులుముకుంటూ వచ్చి స్టడీ హాల్లో కూర్చునేవాళ్లు. ఆరేళ్లుగా సాగిన ఆచారం ఇది. కూర్చునేవాళ్లు అన్నాను గాని, చదివేవాళ్లని మాత్రం ప్రమాణం చేయలేను.

నెలన్నర క్రితం రెండో సంవత్సరం సాహితి ఆ హాల్లోనే పుస్తకం మీద సొమ్మసిల్లి పడిపోయింది. మూడు రాత్రులుగా కన్ను మూయలేదట. పిల్లకు జబ్బేమీ లేదు, నిద్రే లేదన్నాడు డాక్టరు. అప్పుడే ఝాన్సీ రంగంలోకి దిగింది. వారానికి రెండు రోజులు వచ్చి పిల్లల బాధలు విని, సలహా చెప్పి వెళ్లే కౌన్సిలర్ ఆమె. "నాలుగు వారాలు గంట ఆపి చూడండి సార్. పిల్లలు పొద్దున లేవగానే రాత్రి ఎలా పడుకున్నారో రాసిపెడతారు. నిద్ర బాగుపడితే గంట తీసేయండి, పడకపోతే మీ ఇష్టం" అని ప్రిన్సిపాల్‌ను ఒప్పించింది. ప్రిన్సిపాల్ ఫణిభూషణరావు గారు కాగితం మీద అంకెలు కనపడితే దేనికైనా ఒప్పుకునే మనిషి.

ఆ నాలుగు వారాలూ శనివారంతో అయిపోయాయి. సోమవారం పొద్దున పిల్లలు రాసిన పుస్తకాలు ఆయన బల్ల మీద ఉండాలి. గంట మళ్లీ మోగాలా వద్దా అన్నది ఆ పుస్తకాలే తేల్చాలి.

భోజనం కాగానే జయశీల మెస్సు బల్ల మీద ఆ పుస్తకాలు పెట్టుకుని, కట్ట కట్టడానికి పురికొస కూడా తెచ్చుకుంది. సాహితి పుస్తకం ఒక్కటే రాలేదు. మిగతా ముప్పై తొమ్మిదీ ఉన్నాయి. కట్టే ముందు ఒకసారి చూసుకుందామని పైది తెరిచింది. పడుకున్నది పదిన్నర. నిద్ర పట్టింది పది నలభై ఏడు. మధ్యలో మెలకువ లేదు. లేచింది ఆరుంబావు.

ఆమెకు కడుపు నిండిపోయింది. దేవునికి స్తోత్రం అనుకుని రెండోది తెరిచింది. పది నలభై తొమ్మిది. మూడోది పది నలభై ఆరు. నాలుగోది మళ్లీ పది నలభై ఏడు. పదో పుస్తకం దగ్గరకు వచ్చేసరికి మొహంలో నవ్వు పోయింది. ముప్పై తొమ్మిది మంది ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే ఉయ్యాలలో ఊగినా ఇంత కలిసికట్టుగా నిద్రపోరు.

వంటింట్లో కొండమ్మ మిరపకాయలు చీలుస్తోంది. కొత్వాల్‌గూడ మనిషి. అక్షరం రాదు గాని, లోకం ఆమెను ఎక్కడా మోసం చేయలేదు.

"కొండమ్మా, రాత్రి నీకు ఎన్ని గంటలకు నిద్ర పట్టిందే?" అని కేకేసింది జయశీల.

"నిద్రవట్టేటప్పుడు గడియారం దిక్కు చూస్కుంట పంటరా వార్డెనమ్మా? గట్ల చూస్తే నిద్రెట్ల పడ్తది?"

ఆ మాటతో జయశీల చేతిలోని పుస్తకం మూసేసింది. ఝాన్సీ పెట్టిన మొదటి షరతే అది. రాత్రి పది కాగానే ఫోన్లు, చేతి గడియారాలు అన్నీ తెచ్చి జయశీల గదిలోని పాత బియ్యం డబ్బాలో పడేయాలి. టైం చూసుకునే కొద్దీ నిద్ర దూరమవుతుందని ఆమె మాట. పొద్దున లేచాక గుర్తున్నంత వరకు అంచనాగా రాయమంది. డబ్బాకు తాళం, ఆ తాళంచెవి జయశీల మెడలో. అంటే నాలుగు వారాలుగా పై అంతస్తులో గడియారమన్నదే లేదు. మరి ఈ పది నలభై ఏడు ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

నిజం చెప్పాలంటే, ఒక్క నిమిషం ఆమె మనసు పురికొస వైపే లాగింది. ముడివేసి ఇచ్చేస్తే ఎవరు అడుగుతారు? ప్రిన్సిపాల్ గారు సంతోషిస్తారు, గంట పోతుంది, పిల్లలు హాయిగా ఉంటారు. ఆ ఆలోచన వెనకాలే ఇంకొకటి వచ్చింది. ఈ ముప్పై తొమ్మిది మందిలో నిజంగా నిద్ర పట్టని పిల్ల ఉంటే? సాహితి పడిపోయేదాకా తెలియలేదు. రెండో సాహితి ఈ కట్టలోనే, పది నలభై ఏడు వెనకాల దాక్కుని ఉంటే? జయశీల పురికొస పక్కన పడేసింది.

నాలుగు గంటలకు పిల్లలందరినీ మెస్సులోకి పిలిచింది. బజ్జీల వాసనకు వాళ్లు పిలవకముందే సగం దూరం వచ్చి ఉన్నారు.

"పది నలభై ఏడు" అంది జయశీల, ఒక పుస్తకం పైకెత్తి. "ఎవల గడియారంల చూసిన్రు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ముగ్గురు నలుగురు తమ ఖాళీ మణికట్లు తడుముకున్నారు.

"నేను అడిగేది మీ అందరినే. గడియారాలు నా మంచం కింద ఉంటే నిమిషాలు మీకెట్ల తెల్సినయ్?"

చివరికి జెరూషా లేచింది. మూడో సంవత్సరం, మామిడిపల్లిలో కూరగాయలు పండించే శామ్ కూతురు. హాస్టల్లో ఏ గొడవ వచ్చినా ముందుండేది, ఏ గొడవనైనా తీర్చేదీ ఆ పిల్లే. సాహితీ, ఆమె ఒకే గదిలో ఉంటారు.

"కోపం జేయకున్రి మేడం. ల్యాబ్‌ల ఎట్ల రాస్తమో గట్లనే రాసినం."

"ల్యాబ్‌ల ఎట్ల రాస్తరే?"

"ముందుగాల జవాబు ఎంత రావాల్నో సీనియర్ల రికార్డుల చూస్తం. ఆనక దానికి సరిపోయేటట్టు రీడింగులు రాస్తం. అన్ని ఒక్కతీరుగ ఉంటే కాపీ అంటరని జర అటిటు మారుస్తం. నలభై ఏడు, నలభై తొమ్మిది, నలభై ఆరు. గ్రాఫ్ గీస్తే సీదా వస్తది."

ఇందులో పిల్లల తప్పు మరీ పెద్దదేమీ కాదు. ఆ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో లోలకం దారం తెగి ఏడాది పాటు మూలన పడి ఉన్నా, ఆ ఏడు కూడా పిల్లలందరి రికార్డుల్లో లెక్క నూటికి నూరుపాళ్లు సరిగ్గా వచ్చింది, లెక్చరర్లు సంతకాలు పెట్టారు. అక్కడ పెరిగిన పిల్లలకు నిద్ర పుస్తకం ఇస్తే అది కూడా ఒక రికార్డే అనుకున్నారు. రాయవలసింది జరిగింది కాదు, జరగవలసింది అన్నది వాళ్లకు మొదటి సంవత్సరంలోనే వంటబట్టిన విద్య.

"మంచి నంబర్లు రాకుంటే గంట మల్ల వస్తదని భయమయింది మేడం" అని వెనక నుంచి ఎవరో అన్నారు. "మీ మాట పోవద్దని కూడా."

జయశీలకు కోపం సగం దిగింది. మిగిలిన సగంతోనే అడిగింది. "గట్లనా? మరి దీనికి ఏ సీనియర్ రికార్డు జూసిన్రు?"

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. జెరూషా నోటీసు బోర్డు వైపు చేయి చూపించింది. "మీదే మేడం."

బోర్డు పక్కన మేకుకు ఒక పుస్తకం వేలాడుతోంది. వార్డెన్ కూడా రాస్తే పిల్లలకు ధైర్యంగా ఉంటుందని ఝాన్సీ మొదటి రోజే జయశీలకూ ఒకటి ఇచ్చింది. అందరూ చూసేలా దాన్ని అక్కడ తగిలించింది జయశీలే. రోజూ పొద్దున అందులో ఒకటే వరస. పదిన్నరకు పడక, పావు గంటలో నిద్ర, ఆరింటికి మెలకువ.

అంతలో చివరి బెంచీ దగ్గర సాహితి నిలబడింది. వాళ్ల నాన్నగారు గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి హైదరాబాద్‌లోనే స్థిరపడ్డారు. పిల్ల మాట ఎప్పుడూ మెల్లగానే ఉంటుంది. చేతిలో పుస్తకం గుండెలకు హత్తుకుని ఉంది.

"నాది ఇవ్వలేదు మేడం. సిగ్గేసింది. అందరివీ చూశాను, అందరికీ పదీ ముప్పావుకల్లా నిద్ర పడుతోంది. నా ఒక్కదానికే ఏదో లోపం ఉందనుకున్నాను."

బజ్జీల మీద ఉన్న చేతులు ఆగిపోయాయి. తాము సరదాగా కల్పించిన అంకెలు పక్క మంచం పిల్లకు ఎలా తగిలాయో అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. పాపం, వాళ్లు గంటను తప్పించుకోవాలనుకున్నారు గాని, సాహితిని ఒంటరిని చేయాలనుకోలేదు.

"ఇటియ్యే, నేను చదువుత" అని జెరూషా ఆ పుస్తకం తీసుకుంది. చదవడం మొదలుపెట్టాక ఆమె గొంతు కూడా తగ్గింది. సాహితి పుస్తకంలో గంటలూ లేవు, నిమిషాలూ లేవు.

"మొదటి రాత్రి. ఏడు విమానాలు దిగాయి. ట్యాంకు మీద వెలుగు ఉంది. అంతా బాగానే ఉంది.

"రెండో రాత్రి. ఏడు. వెలుగు ఉంది. అంతా బాగానే ఉంది."

గడియారం లేని పిల్ల నెత్తిమీద నుంచి పోయే విమానాలతో రాత్రిని కొలుచుకుంది. విమానాశ్రయం వచ్చి నాలుగేళ్లయింది. ఆ చప్పుడుకు ఊళ్లో ఎవరికీ నిద్ర పట్టదని అప్పట్లో అందరూ గోలపెట్టారు. ఇప్పుడు కొండమ్మకైతే విమానం ఆలస్యమైతేనే మెలకువ వస్తుంది. వారం గడిచేసరికి పుస్తకంలో ఏడు అయిదయింది, మూడో వారంలో మూడు. ఆఖరి రాత్రి రాసింది జెరూషా మెల్లగా చదివింది.

"ఒక విమానం విన్నాను. రెండోది వచ్చిందో లేదో తెలీదు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. పరీక్ష పాసైనా సాహితికి ఇంత సంబరం చేసేవారు కాదేమో. ఆ పిల్ల చెవుల దాకా ఎర్రబడి తల దించుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి జయశీలకు కళ్లు చెమర్చాయి. నాలుగు వారాల శ్రమకు ఆ ఒక్క పేజీ చాలనిపించింది.

"గీ ట్యాంకు మీద వెలుగేంది?" అని పక్కనున్న పిల్ల అడిగింది. "రోజూ రాసినవ్?"

"కింద మేడం గదిలో లైటు" అంది సాహితి అమాయకంగా. "కిటికీలోంచి నీళ్ల ట్యాంకు మీద పడుతుంది. ఎన్నో విమానం వచ్చినా అది ఆరదు. ఇంకెవరో కూడా మేలుకుని ఉన్నారని ధైర్యంగా ఉండేది. ఆ ధైర్యంతోనే కళ్లు మూతపడేవి."

నలభై జతల కళ్లు మేకుకు వేలాడే పుస్తకం మీదికీ, అక్కణ్ణుంచి జయశీల మీదికీ తిరిగాయి. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె పని. గురివింద గింజ కథ ఒకప్పుడు ఆదివారం బడిలో పిల్లలకు తనే చెప్పేది. కింద ఇంత నలుపు పెట్టుకుని గంటసేపటి నుంచీ పిల్లల్ని నిలదీస్తోంది.

లేచి వెళ్లి మేకు మీది పుస్తకం తీసింది.

"అబద్ధం మొదలు వెట్టింది నేనే బిడ్డా" అంది. "ఆరేండ్లు గంట కొట్టిన. నాలుగున్నరకు మెలకువ రాకుంటే ఎట్లనని రెండింటికే లేచి కుర్చీల కూసునేదాన్ని. గంట బంద్ అయితే నాకు కూడ నిద్రొస్తదనుకున్న. రాలే. కండ్లు మూస్తే సాహితి కిందవడ్డదే యాదికొస్తది. వార్డెనే పంటలేదంటే సారు ఏమంటడోనని పరేషాన్ అయి పదిన్నర, ఆరు అని రాసిన. ఇయ్యాల చర్చిల కునికి, పాస్టర్ గారు ఇంకా పాపుల గురించి చెప్తుంటెనే ఆమెన్ అన్న."

ముందు జెరూషాకు నవ్వొచ్చింది. తర్వాత మెస్సంతా నవ్వింది. వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడ్డ కొండమ్మ, "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదంటరు. మీరంత సదువుకున్నోళ్లు. నిద్రకు కూడ రికార్డులు వెడ్తే అదెట్లొస్తదమ్మా!" అంది. ఆ తర్వాత జయశీలకు తల మీంచి బియ్యం బస్తా దించినట్టు తేలికైంది.

ఫోను చేసి ఝాన్సీకి ఉన్నదున్నట్టు చెప్పింది. తిడుతుందనుకుంటే ఆమె నవ్వేసింది.

"మేడం, ఎవరికి బాగుపడిందో కంటే ఎవరికి బాగుపడలేదో నాకు ముఖ్యం. వాళ్లను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి కదా! వాళ్లే కనపడకుండా పోతే ఈ పుస్తకాలు ఎందుకండీ? ఆఖరి పేజీ ఖాళీగా ఉంటుంది, అందులో అందర్నీ వాళ్ల మాటల్లో రాయమనండి. నెల కింద ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, ఏ ఆలోచన నిద్ర పోనివ్వడం లేదు. అంకెలు వద్దు."

ఆ సాయంత్రం మెస్సు బల్లల మీద మజ్జిగ గ్లాసుల మధ్య నలభై కలాలు కదిలాయి. సాయంత్రం టీ ఝాన్సీ పుణ్యమా అని నెల్నాళ్లుగా బంద్. పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగిచూడకుండా ఆ పిల్లలు ఏదైనా రాయడం బహుశా అదే మొదటిసారి. జయశీల కూడా తన పుస్తకంలో ఆఖరి పేజీ రాసింది. రాసిన పుస్తకాలు ఒక్కొక్కటే వచ్చి ఆమె ముందు చేరాయి. ఒకామెకు క్లాసులో కునుకు తగ్గిందట, దానివల్ల పాఠం వినాల్సి వస్తోందని బాధపడింది. ఒకామెకు నెలలో ఒక్కసారి కూడా రూమ్మేటుతో పోట్లాట రాలేదట. ఇంకొకామె, ఫోను లేకపోతే మొదట పిచ్చెక్కినట్టుండేదని, ఇప్పుడు డబ్బాలో వేసేటప్పుడు బరువు దిగినట్టుంటుందని రాసింది. బాగుపడ్డామన్నవాళ్లు ఇరవై నలుగురు. కొంచెం నయమన్నవాళ్లు తొమ్మిది మంది. ఆరుగురు మాత్రం ఏమీ తేడా లేదని రాశారు. వాళ్లలో ఇద్దరి పేర్లు జయశీల కలలో కూడా ఊహించనివి. ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్లలు. ఆ ఆరు పేర్లూ వేరే కాగితం మీద రాసి జాకెట్లో పెట్టుకుంది.

ముప్పై తొమ్మిది అయ్యాయి. నలభయ్యోది జెరూషాది. అందరికంటే ఆఖరున తెచ్చి, బోర్లా పెట్టి, మొహం చూడకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది. జయశీల తిప్పి చూసింది. పేజీలో ఒకటే వాక్యం ఉంది.

"నాకు నిద్ర పట్టక కాదు మేడం, పడుకోవాలంటేనే భయం."

జయశీల ఆ వాక్యం మూడుసార్లు చదివింది. అందరి నిద్రకూ ఇంపుగా అంకెలు కుదిర్చిపెట్టిన పిల్ల తన నిద్రను ఎక్కడ దాచుకుందో అప్పుడర్థమైంది. పైకి వెళ్దామని లేచిందో లేదో గేటు దగ్గర కారు హారన్ మోగింది. ఫణిభూషణరావు గారు. బావమరిదిని విమానం ఎక్కించి అటునుంచటే వచ్చారట. జయశీల జెరూషా పుస్తకాన్ని గబుక్కున బల్ల మీదున్న తన బైబిలు కింద పెట్టింది.

"రేపు పొద్దున్నే మేనేజ్‌మెంట్ వాళ్లు వస్తున్నారు జయశీల గారూ. ఈ గంట సంగతి ఇవాళే తేల్చేద్దామని. పుస్తకాలు ఇలా ఇవ్వండి" అని ఆయన కుర్చీ లాక్కున్నారు.

జయశీల ముందు తన పుస్తకం ఇచ్చింది. "మొదటి ఇరవై ఎనిమిది పేజీలు అబద్ధం సార్. ఆఖరి పేజీ నిజం. పిల్లలవి కూడ గంతే, సాహితిదొక్కటి తప్ప."

ఆయన మొహం ఎర్రబడింది. "అంటే నెల్నాళ్లు నన్ను మోసం చేశారా?"

"మిమ్ములనే కాదు సార్, ఒకల్నొకలం మోసం చేసుకున్నం. మొదలువెట్టింది నేను. ఏమన్న అనేదుంటే నన్నే అనున్రి. కాని ఆఖరి పేజీలు జర చదువున్రి."

ఆయన చదివారు. మొదట అయిష్టంగా, తర్వాత కళ్లద్దాలు సర్దుకుని. పాఠం వినాల్సి వస్తోందన్న పిల్ల దగ్గర పెదవి కొస కదిలింది. సాహితి విమానాల దగ్గర చాలాసేపు ఆగారు.

"ఆరుగురికి ఏమీ తగ్గలేదా?"

"తగ్గలే సార్. ఇయ్యాలటిదాక గా ఆరుగురు ఎవలో నాకు తెల్వకుండె. ఇప్పుడు తెల్సు."

ఫణిభూషణరావు గారు జేబులోంచి కలం తీసి మూత విప్పారు. సంతకానికి ముందు అలవాటు కొద్దీ ఆయన పిల్లల పుస్తకాలు లెక్కపెట్టారు. ఒకసారి పెట్టి, మళ్లీ పెట్టారు.

"ముప్పై తొమ్మిదే ఉన్నాయి. నలభయ్యోది?"

"ఒకటి నా దగ్గర ఉంటది సార్."

"ఎందుకు?"

"గా పుస్తకం రికార్డు కాదు సార్, ఒక పిల్ల మనసుల మాట."

ఆయన కలం మూత పెట్టేశారు. మాటలో కోపం లేదు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "ఇప్పుడే కదా నిజం అన్నారు! ఒకటి దాచిపెడితే ఇవి కూడా పాత పేజీల్లాంటివే అవుతాయి. నలభై ఇస్తేనే సంతకం. లేకపోతే రేపు తెల్లవారి గంట కొట్టండి."

ఇనుప కడ్డీ గుమ్మం మూలన అలాగే ఉంది. జయశీల దానివంక చూసింది. ముప్పై తొమ్మిది మంది నిద్ర ఒకవైపు, ఒక పిల్ల నమ్మి రాసిన ఒక్క వాక్యం ఇంకోవైపు. ఆమె బైబిలు మీద చెయ్యి పెట్టి గట్టిగా అదిమింది.

"కొట్టమంటే కొడ్త సార్. గీ పుస్తకమైతే ఇయ్య."

"ఇయ్యున్రి మేడం."

ఆ గొంతు మెట్ల మీద నుంచి వచ్చింది. జెరూషా దిగి వస్తోంది. ఏడ్చి మొహం కడుక్కున్నట్టుంది, ముంగురులు తడిగా ఉన్నాయి. వచ్చి బల్ల ముందు నిలబడింది.

"గా పుస్తకం నాది సార్. అండ్ల ఒక్క ముక్కనే ఉన్నది. మిగిలింది నోటితోటి చెప్త. మీరు కూడ వినాలె సార్. నేను చెప్తే మా బాపు దిష్టి అంటడు, మీరు చెప్తే నమ్ముతడు."

"ఏంటమ్మా?" అన్నారు ఆయన, కలం పక్కన పెట్టి.

"నిద్రల నాకు ఏదో అయితది సార్. పొద్దుగాల లేస్తే నాలుక కొరుక్కొని ఉంటది, ఒళ్లంత నొప్పులు. ఏమయితదో నాకే యాదుండది. చూసింది ఒక్కతే." జెరూషా వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసింది. సాహితి అక్కడ కటకటాలు పట్టుకుని నిలబడి, వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతోంది.

"అది కిందవడకముందు మూడు రాత్రులు నిద్రవట్టక మేలుకోలే సార్. నాకేమన్న అయితదేమోనని కావలి కూసున్నది. ఎవ్వరికి చెప్పనని నాకు ఒట్టేసింది. రోజూ 'అంతా బాగానే ఉంది' అని రాసింది సూడున్రి, అది నా గురించి."

ఫణిభూషణరావు గారు లేచి నిలబడ్డారు. జయశీల బైబిలు కింది పుస్తకం తీసి జెరూషా చేతిలో పెట్టి, మెట్ల వైపు చేయి చాచింది.

"దిగిరా సాహితీ" అంది. "ఏం జూసినవో చెప్పు బిడ్డా."